సందెదాకా చూద్దామనుకోవద్దు
(ఆదిలాబాద్ జిల్లాలో ఒక గూడెంలో జరిగిన సభలో ఉపాధ్యాయుడి ప్రసంగం)



నేను డాక్టర్ని కాదు. మా ఇంట్ల మొదటిసారి డిగ్రీ చదివినవాణ్ణి, బడిపంతుల్ని. నా బడిలో ఒక పిల్ల నాలుగు రోజులు రాలేదు. ఇంటికి పోయి చూస్తే తల్లి ఏడుస్తున్నది. సికిల్‌సెల్ ఉన్న మూడేళ్ల కొడుక్కి పొద్దున జ్వరమొచ్చింది. "సందెకు తగ్గుతదిలే అనుకున్నం సారూ" అన్నది. తెల్లారేసరికి పిల్లగాడు లేడు. తప్పు ఆ తల్లిది కాదు. జబ్బు పేరు చెప్పినవాళ్లు జ్వరం సంగతి చెప్పలేదు.

ఇది గాలి కాదు, దయ్యం కాదు, తలరాత అసలే కాదు. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం ఉంటది. రక్తంలో చొరబడ్డ క్రిములను పట్టి చంపే కావలి అది. కొడవలిలా వంగిన రక్తకణాలు దాని సన్నని నాళాల్లో ఇరుక్కుని పసితనంలోనే దాన్ని పాడుచేస్తాయి. కావలి లేని చేలో పశువులు పడ్డట్టు న్యూమోకాకస్ వంటి క్రిములు రక్తంలో పెరుగుతాయి. గంటల్లో ప్రాణం తీస్తాయి.

మందు లేదా? ఉంది. అమెరికాలో 215 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితం 1986లో వచ్చింది. రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇచ్చిన 105 మందిలో ఇద్దరికే క్రిములు సోకాయి. ఉత్త మాత్ర ఇచ్చిన 110 మందిలో 13 మందికి సోకాయి, ముగ్గురు చనిపోయారు.

అంత చవక మందు గూడేనికెందుకు రాదు? అమెరికాలోనూ నల్లవాళ్ల జబ్బని చాలాకాలం పట్టించుకోలేదు. 1971లో బ్లాక్ పాంథర్లే తమ వాడల్లో రక్తపరీక్షలు మొదలుపెట్టారు. 1972లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. అదే ఏడు బొంబాయిలో వాళ్ల పేరుతోనే దళిత్ పాంథర్స్ పుట్టింది. పేరు తెచ్చుకున్నాం. ఆ పని కూడా తెచ్చుకోవాలె.

2023 జులైలో కేంద్రం సికిల్‌సెల్ మిషన్ మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామన్నది. మంచిదే. కానీ చేతిలో కార్డు జ్వరాన్ని ఆపదు. అందుకే అడుగుదాం: జబ్బు తేలిన బిడ్డకు రెండో నెల నుంచి ఐదేళ్లు నిండేదాకా, డాక్టరు చెప్పిన మోతాదులో పెన్సిలిన్ ఇంటికి చేరాలె. 2021 నుంచి దేశమంతా ఉచితంగా ఇస్తున్న న్యూమోకాకస్ టీకా తప్పకుండా పడాలె. జ్వరం 101 డిగ్రీలకు చేరితే రాత్రయినా ఆస్పత్రికి పోవాలె. పరీక్షల ఫలితం వచ్చేదాకా ఆపకుండా ముందు యాంటిబయాటిక్ సూది వెయ్యాలె.

ప్రతి గూడెంలో ఇద్దరు యువకులు ఈ పిల్లల పేర్లు రాసుకోండి. ఒక థర్మామీటరు ఉంచండి. బండి ఎవరిదో ముందే మాట్లాడుకోండి. ఇంకే తల్లీ సందెదాకా ఎదురుచూడొద్దు.

జై భీమ్!