రిపోర్టులో ఏమీ లేదంటే నొప్పి లేనట్టేనా?

(కల్వకుర్తి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



నాలుగేళ్లుగా నాకు పొత్తికడుపులో నొప్పి. ఇక్కడ చూపించుకున్నాను, మహబూబ్‌నగర్, హైదరాబాద్ తిరిగాను. మూడుసార్లు స్కానింగ్, రక్తపరీక్షలు, మూత్రపరీక్షలు. అంతా నార్మలే అన్నారు. ఒక డాక్టరయితే "పిల్లలున్నారు కదా, గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది" అన్నాడు. ఏ జబ్బుకని అడిగితే జవాబు లేదు. ఏమీ కనబడలేదట, కాని తీసేయాలట! ఇదెక్కడి లెక్క?

గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ మామూలు స్కానింగులో చాలాసార్లు కనబడదు. పేగులు, మూత్రాశయం, కండరాలు, నరాల వల్ల కూడా ఈ నొప్పి రావచ్చు. అప్పుడు గర్భసంచి తీసినా నొప్పి మిగిలే ఉంటుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో నూటికి సుమారు 3, తెలంగాణలో దాదాపు 8. మన గర్భసంచులకే అన్ని రోగాలా?

సమీరా కోహ్లీ కేసు గుర్తుంచుకోండి. లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్న ఆమెకు, మత్తులో ఉండగా, తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకిచ్చిన అనుమతి ఆ ఆపరేషన్‌కు చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు తల్లి ఒప్పుకున్నా చాలదని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మన దగ్గర సంతకం పెట్టేది భర్తో, అత్తో.

వచ్చే నెల నాకూ లాపరోస్కోపీ చేస్తామన్నారు. అనుమతి పత్రం తెలుగులో ఇమ్మన్నాను, పరీక్షకు మాత్రమేనని అందులో రాయమన్నాను. ఇంకా ఇవ్వలేదు. రేపు మళ్లీ వెళ్తున్నాను, ఇద్దరు ముగ్గురు తోడొస్తే బాగుంటుంది.