ఆటస్థలమునకు జనమెందుకు వచ్చును?

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)

  

తిరుమలగిరి అను పేరుగల ఊళ్లు తెలంగాణమున ఒకటికంటె ఎక్కువ కలవు. సూర్యాపేట జిల్లాలోని ఈ తిరుమలగిరి ఒకటి. సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరి మఱొకటి. అచ్చట ఇంగ్లీషు పటాలములు విడిసియుండుటచే ఫుట్‌బాలు ఆట చుట్టుపట్ల బస్తీలకును అలవడెను. ఆ చేరువనే యున్న అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం గారు 1956లో మెల్బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్సులలో భారత జట్టున ఆడిరి. ఈ ప్రాంతపు పల్లెలలో కబడ్డీకి మన్నన హెచ్చు. ఆట ఏదైనను, రెండు తిరుమలగిరులకును వర్తించు ప్రశ్న ఒకటి కలదు. ఆటస్థలమునకు జనము ఎందుకు వచ్చును? వచ్చిన తలలను లెక్కించి ఆట బలమును తేల్చవచ్చునా?

ఈ ప్రశ్నకు ముందుగా కలకత్తా నగరము సమాధానము చెప్పును. 1911 జూలై 29వ తేదీన మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలపు జట్టును ఒకటికి రెండు గోలులతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచెను. గెలిచినవారిలో ఒక్కరు తప్ప తక్కినవారందఱును వట్టి కాళ్లతో ఆడినవారే. ఆ దినమున వేలకు వేలుగా జనము వచ్చిరి. మైదానము కనబడని దూరమున నిలిచినవారికి గాలిపటములెగురవేసి గోలుల లెక్క తెలిపిరి. ఆట కంటికి కనబడకున్నను వారు కదలలేదు. ఏలనన, ఆడుచున్నది తమ జట్టు.

1920లో ఆ నగరముననే ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఏర్పడినది. నాటినుండి నగరము రెండు పక్షములైనది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన నాడు దాని అభిమానుల ఇండ్లలో ఇలిశ చేపను, అనగా గోదావరివాసుల పులసను, వండుదురు. మోహన్ బగాన్ గెలిచిన నాడు ఆ పక్షమువారు రొయ్యలు వండుదురు. ఇట్లు ఆట వంటయింటివఱకును ప్రాకినది. 1997 జూలై 13న ఈ రెండు జట్లు ఫెడరేషన్ కప్పు సెమీఫైనలులో తలపడినపుడు సాల్ట్ లేక్ స్టేడియమునకు 1,31,781 మంది వచ్చిరని లెక్క. ఇది స్థానిక స్పర్ధ యొక్క బలము.

స్నేహపూర్వక పోటీల సంగతి వేఱు. వానియందు గెలిచినను ఓడినను పెద్ద లాభనష్టములు లేవు. కనుక జనమును రప్పించునది తఱచుగా ఒక గొప్ప ఆటగాని పేరే. 1977 సెప్టెంబరు 24న పీలే న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్సుకు వచ్చి మోహన్ బగానుతో ఆడెను. సుమారు 80,000 మంది చూచిరి. ఆట 2-2గా సమమైనది. పీలేను చూడవచ్చినవారు, తమ జట్టు ఆయనకు దీటుగా నిలుచుటను కూడ చూచి ఇండ్లకు మరలిరి. 2025 డిసెంబరు 13న మెస్సీ సాల్ట్ లేక్ స్టేడియమునకు వచ్చినపుడు అట్టి భాగ్యము లేకపోయెను. చుట్టును మూగినవారి నడుమ ఆయన సరిగా కనబడలేదు. కొలది సేపటికే వెడలిపోగా, ఎక్కువ వెలపెట్టి టిక్కెట్లు కొన్నవారు ఆగ్రహించి కుర్చీలు విసరిరి. ఆ సాయంత్రమే హైదరాబాదు ఉప్పల్ స్టేడియమున కార్యక్రమము సజావుగా జరిగెను. అయినను ఒక మాట నిజము. పేరును చూడవచ్చిన జనము ఆ పేరుతోనే వెడలిపోవును.

2018 జూన్ 1న ముంబయిలో జరిగిన నాలుగు దేశముల పోటీలో భారత జట్టు చైనీస్ తైపీని 5-0గా ఓడించెను. అంతటి విజయమును చూచినవారు 2,569 మంది మాత్రమే. జట్టు నాయకుడు సునీల్ ఛెత్రీ, విమర్శించుటకైనను మైదానమునకు రండని ప్రజలను వేడుకొనెను. జూన్ 4న కెన్యాతో జరిగిన ఆటకు టిక్కెట్లన్నియు అమ్ముడైనవి. పిలిచిన జనము వత్తురని దీనివలన తెలియుచున్నది. పిలువకున్నను వచ్చునట్లు చేయుట కష్టము.

ఆ కష్టమైన పనికి పునాది స్థానిక క్లబ్బే. హైదరాబాదు చరిత్ర ఇందులకు సాక్ష్యము. ఉపాధ్యాయులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు తొలుత నగరపు లీగులో కమర్ క్లబ్బు ఆటగాడు. వారి శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచెను. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగానునే ఓడించెను. తరువాత కలకత్తా క్లబ్బులు ఇచ్చటి ఆటగాండ్రను కొనిపోయినవి. బలరాం గారును ఈస్ట్ బెంగాలులో చేరిరి. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచినను, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది. కప్పు గెలుచుట ఒకటి, ఊరిలో వేళ్లూనుట మఱొకటి.

జనసంఖ్యయే గెలుపు కాదనుటకును రహీం గారి జీవితమే నిదర్శనము. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనలు జరిగినది. సుమారు లక్షమంది ప్రేక్షకులు భారత జట్టునకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. క్యాన్సరు వ్యాధితో బాధపడుచునే రహీం గారు జట్టును నడిపించిరి. భారతదేశము దక్షిణ కొరియాను 2-1గా గెలిచి బంగారు పతకము పొందెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసిరి.

స్పర్ధ హద్దు మీఱిన యెడల కలుగు కీడు మఱువరాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఆటలో చెలరేగిన కలహమువలన 16 మంది ప్రేక్షకులు ప్రాణములు కోల్పోయిరి. ఆట చూడ వెళ్లి ఇంటికి మరలని బిడ్డలు వారు. కలహము లేకున్నను ఏమఱుపాటు చాలును. 2021 మార్చి 22న సూర్యాపేటలో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల ప్రారంభ దినముననే ప్రేక్షకుల గ్యాలరీ కూలి నూరుమందికి పైగా గాయపడిరి. జనమును పిలిచినవారికి ఆ జనమును క్షేమముగా ఇండ్లకు పంపు బాధ్యత కూడ కలదు.

కావున గ్రామ యువకులు తలంపవలసినది ఇది. ప్రక్క ఊరి జట్టు పగవాడు కాడు. అతడు లేనిచో ఆటయే లేదు. పందెము ఓడినవాడు కర్ర పట్టక మఱుసటి ఏటికి సాధన చేసిన, రెండు ఊళ్లును బాగుపడును. గొప్పవాని రాకకై ఎదురుచూచుటకంటె, ఊరి పిల్లలు ఆడు స్థలమును ఆక్రమణల పాలు గాకుండ కాపాడుట మేలు.

గ్రంథాలయమునకును ఇదే న్యాయము. రజతోత్సవ సభ ఒక స్నేహపూర్వక పోటీ వంటిది. పందిరి నిండుట సంతోషమే. కాని సంస్థ యొక్క ఆయువు తోరణములు విప్పిన మఱునాటి ఉదయము పత్రిక కొఱకు వచ్చి బల్ల యెదుట కూర్చుండు పాఠకునియందున్నది. అతడు ప్రతిదినము వచ్చినంతకాలము ఈ నిలయము వర్ధిల్లుగాక!