అడ్మిషన్ తర్వాత

రిజర్వేషన్ల మీద మన చర్చ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఎన్ని సీట్లు, ఎంత కటాఫ్, వర్గీకరణ కావాలా వద్దా. లోపలికి వెళ్ళిన దళిత, గిరిజన విద్యార్థికి ఆ తర్వాత ఏం జరుగుతోందో ఎవరూ లెక్క రాయరు. హాస్టల్లో మొదటి వారం "ర్యాంకెంత?" అన్న ప్రశ్న చాలాసార్లు చదువు గురించి కాదు. ఇంటిపేరు, ఊరు, ర్యాంకు కలిపి కులం తేల్చుకోవడం మన డెల్టాలో ఎవరూ నేర్పనక్కరలేని విద్య. గదిలో తోడెవరు, నోట్సు ఇచ్చేదెవరు, మెస్సులో పక్కన కూర్చునేదెవరు అన్నవి దాన్నిబట్టే తేలతాయి. ఈ కాలేజీ నాది అని విద్యార్థికి అనిపిస్తుందా లేదా అన్నది సంస్థ చేసే ఏర్పాట్లే నిర్ణయిస్తాయి కనుక, దాన్ని కొలవవచ్చని నా వాదన.

ఇదంతా పేదరికం, తెలుగు మీడియం తెచ్చిన బెరుకేనని కొందరంటారు. అందులో కొంత నిజముంది. కానీ కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల పజిళ్ళిచ్చి చూశారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలకూ దళిత పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పేరుతోపాటు కులాన్ని అందరిముందూ చదివినప్పుడు దళిత పిల్లలు వెనకబడ్డారు. పేదరికమొక్కటే కారణమైతే ఆ తేడా రెండు సందర్భాల్లోనూ కనిపించాలి. మారిందల్లా కులాన్ని పైకి చదవడమే.

అలాగైతే కులం ఊసెత్తకపోవడమే మేలు కదా అన్న అభ్యంతరం దీన్నుంచే పుడుతుంది. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. కేటగిరీ నోటీసు బోర్డు మీద ఉండకూడదు. రిజిస్టరులో మాత్రం ఉండి తీరాలి. మొదటిది విద్యార్థిని వేలెత్తి చూపుతుంది, రెండోది సంస్థను తనిఖీ చేస్తుంది. మన కాలేజీలు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తున్నాయి. ఢిల్లీ ఎయిమ్స్‌పై సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక దళిత, గిరిజన విద్యార్థులు వేధింపులు తట్టుకోలేక హాస్టళ్ళలో కొన్ని అంతస్తులకే చేరిపోయిన తీరును బయటపెట్టింది. విద్యార్థులను నేరుగా అడగబట్టే అది తెలిసింది. వివక్ష ఫిర్యాదులు వినడానికి ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఒక అధికారి ఉండాలని యూజీసీ 2012లో నిబంధనలు పెట్టింది. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2016 జనవరి 17న, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలివేయబడ్డ గుంటూరు యువకుడు రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి విచారణ అతను దళితుడా కాదా అన్న కుల ధ్రువీకరణ చుట్టూ తిరిగింది. అది సిగ్గుపడాల్సిన విచారణ.

దీనికి పరిష్కారంగా, అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన పరిశోధన చాలామందికి నచ్చుతుంది. కొత్తలో బెరుకు అందరికీ ఉంటుందని, అది పోతుందని నల్లజాతి విద్యార్థుల్లో కొందరికి తెలియజెప్పే చిన్న కార్యక్రమం తర్వాతి మూడేళ్ళలో వారి గ్రేడ్లను పెంచింది. విలువైన ఫలితమే. అయితే దాన్ని పట్టుకుని మన వైస్ చాన్సలర్లు మోటివేషన్ క్లాసులు పెట్టేస్తారేమోనన్నది నా భయం. అప్పుడు బెరుకు పోగొట్టుకునే బాధ్యత కూడా విద్యార్థి నెత్తినే పడుతుంది. ఉయ్యూరు పక్కనే ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా మరో దారి పట్టారు. దళితులకు ధైర్యం నూరిపోయడంతో సరిపెట్టలేదు. సహపంక్తి భోజనాలతో కూర్చునే వరసనే మార్చారు.

కనుక ప్రతి కాలేజీ ఏటా మూడు లెక్కలు ప్రకటించాలి: ఏ వర్గంలో ఎందరు మధ్యలో మానేశారు, హాస్టల్ గదులు ఎలా పంచారు, ఎన్ని ఫిర్యాదులు వచ్చి ఎన్ని తేలాయి. పేర్లు అక్కరలేదు. ఫిర్యాదులు సున్నా అని రాసిన కాలేజీని మెచ్చుకోకండి, ముందుగా దాన్నే తనిఖీ చేయించండి. ఈ సభలో ఉన్న తల్లిదండ్రులు, అధ్యాపకులు తమ కాలేజీలో ఆ ఫిర్యాదులు వినే అధికారి ఎవరో వెళ్ళి అడగాలని నా విన్నపం.