డచ్చి లౌకికత, అక్కడి ముస్లిములు



యూరపు లౌకికవాదం మనకు మిత్రమా, శత్రువా అని మన యువకులు తరచుగా అడుగుతున్నారు. ఫ్రాన్సును చూసి చాలామంది శత్రువేనని తేల్చివేస్తారు. ఈ రోజు నేను నెదర్లాండ్స్‌ను గురించి మాట్లాడదలచుకున్నాను. ఆ దేశం మనకు బొత్తిగా కొత్త కాదు. బందరులో వలందపాలెం ఉన్నది గదా, ఆ వలందులు హాలండువారే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో అద్దకపు బట్టల కోసం వచ్చి అక్కడ కోఠీ పెట్టుకున్నారు.

నెదర్లాండ్స్ రాజ్యాంగపు 6వ అధికరణంలో మత స్వేచ్ఛ ఉన్నది. అయితే 1983 సవరణలో మతంతో పాటు 'జీవిత దృక్పథం' అన్న మాట కూడా చేరింది. దేవుణ్ణి నమ్మేవాడికి ఎంత రక్షణో, నమ్మని మానవతావాదికీ అంతే రక్షణ అని దాని తాత్పర్యం. ఈ మాట వెనుక సుదీర్ఘమైన పోరాటం ఉన్నది.

1946లో అక్కడ మానవతావాద సంఘం ఏర్పడింది. దాని స్థాపకులలో ముఖ్యుడు యాప్ వాన్ ప్రాగ్, యూదు కుటుంబంలో పుట్టినవాడు, నాజీల ఆక్రమణ కాలంలో అజ్ఞాతంలో తలదాచుకున్నవాడు. తన ముందు రెండు పోరాటాలున్నవని ఆయన భావించాడు. ఏ విలువలనూ నమ్మని శూన్యవాదాన్ని ఎదిరించడం పెద్ద పోరాటం. చర్చికి చెందనివారికి సమాన హక్కులు సాధించడం చిన్న పోరాటం. 1947 జనగణనలో ఏ చర్చికీ చెందనివారు నూటికి 17 మంది మాత్రమే. సమాజం స్తంభాలుగా విడిపోయి ఉండేది. క్యాథలిక్ బిడ్డ క్యాథలిక్ బడికి పోయి, పెద్దయ్యాక క్యాథలిక్ పత్రిక చదివి, క్యాథలిక్ కార్మిక సంఘంలో చేరి, క్యాథలిక్ రేడియో వినేవాడు. ప్రొటెస్టెంట్లదీ అదే తీరు. సైన్యంలో చేరిన యువకుడికి మనసు బరువైతే చెప్పుకోవడానికి మతగురువు ఉండేవాడు. మతం లేనివాడికి ఎవరూ లేరు. 1964 నాటికి సైన్యంలో మానవతావాద సలహాదారులు కూడా వచ్చారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. వారు మతగురువును బారకాసుల నుంచి పంపివేయమని కోరలేదు. ఆయన కుర్చీ పక్కన తమకూ ఒక కుర్చీ వేయమన్నారు.

తర్వాత ఆ వరుసలోనే ముస్లింలకూ కుర్చీ దొరికింది. 1917 నాటి రాజ్యాంగ ఒప్పందం మత పాఠశాలలకూ ప్రభుత్వ పాఠశాలలకూ సమానంగా ధనసహాయం చేయాలని నిర్ణయించింది. 1960ల నుంచి టర్కీ, మొరాకోల నుంచి వచ్చిన కార్మికుల పిల్లల కోసం 1988లో తొలి ఇస్లామీయ ప్రాథమిక పాఠశాలలు అదే నిబంధన కింద తెరుచుకున్నవి. ఉపాధ్యాయుల జీతాలు ప్రభుత్వ ధనమే. 2009లో సైన్యంలో ఇమాములు నియమితులైనారు. అదే ఏడు మొరాకోలో ఒక ఇమాము కుమారుడిగా పుట్టిన అహ్మద్ అబూతాలిబ్ రాటర్‌డ్యామ్ మేయరైనాడు.

హేతువాది, మానవతావాది అనగానే ముఖం చిట్లించే పెద్దలు మనలో ఉన్నారు. 1952లో ఆంస్టర్‌డ్యామ్‌లో ఏర్పడిన అంతర్జాతీయ మానవతావాద సమాఖ్య స్థాపక సంఘాలలో మన ఎం.ఎన్.రాయ్ అనుచరుల సంఘం ఒకటని వారికి మనవి చేస్తున్నాను. తెనాలి ప్రాంతంలో ఆయన శిష్యులు ఎందరో ఉండేవారు. చరిత్రలో ఇస్లాం నిర్వహించిన పాత్రను గౌరవంగా వివరిస్తూ పుస్తకం రాసినవాడూ ఆ రాయ్ గారే.

ఇక రెండో వైపు చూద్దాం. 1991లో ఉదారవాద వి.వి.డి. పార్టీ నాయకుడు ఫ్రిట్స్ బోల్కెస్టైన్ ఇస్లాంకూ ఉదార విలువలకూ పొసగదన్న చర్చను లేవదీశాడు. 2004లో సినీ దర్శకుడు థియో వాన్ గోగ్‌ను ఒక ముస్లిం యువకుడు హత్య చేశాడు. అది ఘోరమైన నేరం, దానికి ఏ సమర్థనా లేదు. దాని నీడ మాత్రం ఆ దేశంలోని లక్షలాది ముస్లిములపై పడింది. వి.వి.డి. నుంచి బయటికి వచ్చిన గీర్ట్ విల్డర్స్ పార్టీ 2023 ఎన్నికలలో 150 స్థానాలకు 37 గెలిచి అన్నిటికంటె పెద్ద పార్టీ అయింది. జంతువును స్పృహ తప్పించకుండా జబహ్ చేయడాన్ని నిషేధించే బిల్లును 2011లో దిగువ సభ ఆమోదించింది. ఉదారవాదులు, వామపక్షాలు కూడా అనుకూలంగా ఓటు వేశారు. ముస్లిములు, యూదులు కలిసి వ్యతిరేకించగా 2012లో ఎగువ సభ దానిని తోసిపుచ్చింది. 2019 ఆగస్టు 1 నుంచి పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, బస్సుల్లో, రైళ్ళలో నిఖాబుపై నిషేధం అమలులోకి వచ్చింది.

వీటిని గురించి పత్రికలలో మీరు చదివే ఉంటారు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మధ్య గడిపినవాడిని గనుక, నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మరొకటి. అదే శిశు సంరక్షణ భృతి వ్యవహారం. ఉద్యోగం చేసే తల్లిదండ్రులు పిల్లలను సంరక్షణ కేంద్రంలో ఉంచితే ఖర్చులో కొంత భాగాన్ని పన్నుల శాఖ భృతిగా ఇచ్చేది. ఒక సంతకం లోపించినా, తమ వాటా కొంత చెల్లించకపోయినా, ఏడాది మొత్తం తిరిగి కట్టమన్నారు. వేలాది కుటుంబాలకు మోసగాళ్ళన్న ముద్ర వేశారు. ఎవరిని అనుమానించాలో తేల్చే కంప్యూటరు పద్ధతిలో జాతీయతకు ఒక గడి ఉండేది. దరఖాస్తుదారు డచ్చి పౌరుడు కాకపోతే అనుమానపు మార్కు పెరిగేది. రెండో జాతీయత ఉన్నవారి వివరాలు కూడా శాఖ అట్టిపెట్టుకున్నది. సమాచార రక్షణ సంస్థ విచారించి, ఇది చట్టవిరుద్ధమని, వివక్ష అని 2020లో తేల్చింది. బాధితులలో టర్కీ, మొరాకో, సురినామ్ మూలాలవారు చాలామంది. ఇళ్ళు పోయినవి, కాపురాలు చెడినవి, బాధిత కుటుంబాల నుంచి వెయ్యిమందికి పైగా పిల్లలను ప్రభుత్వ సంస్థలు తీసుకుపోయినవి.

ఆ శాఖలోనే ఒక న్యాయ సలహాదారు 2017లో ఈ తల్లిదండ్రులకు పరిహారం ఇవ్వాలని లిఖితపూర్వకంగా నివేదించింది. ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. ఏ కార్యాలయంలోనైనా పనిచేసినవారికి ఇది అర్థమవుతుంది. నోటు రాసినవారు నోరు మూసుకోవలసి వస్తుంది, పైవారి సంతకంతో ఫైలు ముందుకు పోతుంది. చివరికి పార్లమెంటు విచారణ తర్వాత 2021 జనవరి 15న మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. అందులో వి.వి.డి., డి66 అనే రెండు ఉదారవాద పార్టీలూ ఉన్నవి. రెండు నెలల తర్వాత ఎన్నికలు జరిగితే మొదటి రెండు స్థానాలూ మళ్ళీ వాటికే దక్కినవి.

ఈ కుటుంబాలపై విల్డర్స్ తిట్లకంటె ఆ గడి చేసిన గాయం పెద్దది. తిట్టు వినబడుతుంది, జవాబు చెప్పవచ్చు. గడి కనబడదు. వివక్ష కూడదని చెప్పే రాజ్యాంగపు 1వ అధికరణం గోడకు వేలాడుతుండగానే, కింద బల్ల దగ్గర ఆ గడి నిండుతూ వచ్చింది. పార్లమెంటు చేసిన చట్టం రాజ్యాంగానికి అనుగుణంగా ఉన్నదా అని విచారించే అధికారం అక్కడి న్యాయస్థానాలకు లేదు. 120వ అధికరణం దానిని నిషేధిస్తుంది. అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2019 దాకా శాఖ కాఠిన్యాన్నే సమర్థించి, ఆ తర్వాత తీరు మార్చుకున్నది.

మనకు 32వ అధికరణం ఉన్నది, 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. స్కాలర్‌షిప్పు గాని, పింఛను గాని, రేషను కార్డు గాని తిరస్కరించినప్పుడు కారణం కాగితం మీద ఇమ్మని అడగండి. నోటిమాటతో వెనుదిరగవద్దు. అర్జీ రాయడం రానివారికి నేనూ, మా మిత్రులూ రాసి పెడతాము. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.