మన కణాలలోని సర్వీసు రిజిస్టరు
(పెన్షనర్స్ డే సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. నా భార్యకు రొమ్ము క్యాన్సరుకు రేడియేషన్ పెట్టించాలన్నప్పుడు భయపడి మూడు వారాలు వాయిదా వేశాను. ఆ తప్పు మీరెవరూ చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

మన కణాలలో డి.ఎన్.ఎ. అనే సర్వీసు రిజిస్టరు ఉంది. అది రెండు పేటల గొలుసు. ఒకటి అసలు, రెండోది ఆఫీసు కాపీ అనుకోండి. మనం పీల్చే ఆక్సిజన్ నుంచి పుట్టే ఆక్సీకారకాలు రోజూ దాన్ని పాడు చేస్తూనే ఉంటాయి. ఒక పేట చెడితే రెండోదాన్ని చూసి కణమే దిద్దుకుంటుంది. ఈ మరమ్మతు తీరును వివరించినందుకే లిండాల్, మోడ్రిచ్, సాన్‌జార్ గార్లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

రేడియేషన్ నేరుగానూ కొడుతుంది, కణంలోని నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా దూకుడు ఆక్సీకారకాన్నీ పుట్టిస్తుంది. అప్పుడు రెండు పేటలూ ఒకేచోట తెగవచ్చు. అసలూ పోయె, కాపీ పోయె! క్యాన్సరు కణం చచ్చేది అందువల్లనే. పక్కనున్న మంచి కణాలు దిద్దుకునే వ్యవధి కోసమే డోసును రోజుకు కొంచెంగా ఇస్తారు.

బలానికని యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు తెస్తే, అవి చికిత్స పనినే అణచవచ్చునని డాక్టరుగారు ఆపించారు. ఫిన్లండ్‌లో పొగతాగేవారికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. కనుక మాత్ర డాక్టరు చెబితేనే వేసుకోండి. చుట్ట, బీడీ మాత్రం ఎవరూ చెప్పకముందే మానండి.

మా ఆవిడ ఇదిగో, మూడో వరుసలో కూర్చుని వింటోంది. సెలవు.