ఒకే హాలు, రెండు రాత్రులు: థెలోనియస్ మంక్‌కి నివాళి ఎలా చెప్పాలి?

 

ఈ ఎపిసోడ్‌లో కచేరీల గురించి మాట్లాడుకుందాం. మొత్తం మూడు కచేరీలు, మూడూ ఒకే హాల్లో జరిగాయి. న్యూయార్క్‌లో, మన్‌హాటన్ 43వ వీధిలో టౌన్ హాల్ అని ఉంది. అక్కడ 1959 ఫిబ్రవరి 28న జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్ పది మంది బ్యాండ్‌తో ఒక ప్రోగ్రాం ఇచ్చారు. యాభై ఏళ్ల తర్వాత, 2009లో, ఆ ప్రోగ్రాంకి నివాళిగా అదే హాల్లో రెండు రాత్రులు వరసగా రెండు కచేరీలు జరిగాయి. ఫిబ్రవరి 26న ఒకటి, 27న ఇంకొకటి.

రెండూ ఒకే మనిషి కోసం, ఒకే సంగీతం మీద. కానీ ఒకదానికీ ఇంకోదానికీ అసలు పోలికే లేదు. ఎందుకలా అన్నదే ఈరోజు టాపిక్. ఒక గొప్ప కళాకారుడు వెళ్ళిపోయాక, మనం ఆయన్ని ఎలా గుర్తు పెట్టుకోవాలి? ఉన్నది ఉన్నట్టు మళ్ళీ వాయించడమా, ఇంకేమైనా చెయ్యాలా?

ముందు మంక్ ఎవరో చూద్దాం, జాజ్ వినని వాళ్ళకి కూడా అర్థమయ్యేలా.

1917 అక్టోబర్ 10న నార్త్ కరోలినాలో రాకీ మౌంట్ అనే ఊళ్ళో పుట్టారు. 1922లో, అంటే ఆయనకి నాలుగైదేళ్ల వయసులో, ఫ్యామిలీ న్యూయార్క్ వచ్చేసింది. 63వ వీధిలో ఇల్లు. దాదాపు జీవితమంతా ఆ చుట్టుపక్కలే గడిపారు.

నేను మొదటిసారి మంక్‌ని విన్నప్పుడు, నిజం చెప్తున్నా, పియానో పాడైందేమో అనుకున్నా. పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి నొక్కేస్తాడు. మనం ఇక్కడ ఒక స్వరం వస్తుంది అనుకున్న చోట ఆగిపోతాడు. ఆ ఖాళీ తర్వాత, అస్సలు ఊహించని చోట టక్కున ఒక దెబ్బ. ఏంటీయన, వచ్చీ రాని వాయింపు అనిపిస్తుంది. పదిసార్లు విన్నాక ఒక విషయం తెలుస్తుంది. ఆ "తప్పు" ప్రతిసారీ సరిగ్గా అదే చోట, అదే కొలతతో పడుతోంది. అప్పుడు మనకే సిగ్గేస్తుంది.

జాజ్ ఎలా పనిచేస్తుందో కూడా ఒక్క ముక్కలో చెప్తా. మన కర్ణాటక సంగీత కచేరీలో కృతి పాడి, దాని మీద కల్పన స్వరాలు వేస్తారు కదా, దూరం నుంచి చూస్తే ఇదీ అంతే. ముందు ఒక ట్యూన్ వాయిస్తారు. తర్వాత ఆ ట్యూన్ కింద ఉన్న కార్డ్స్‌ని పట్టుకుని, ఒక్కొక్కరు అప్పటికప్పుడు కొత్తగా కట్టుకుంటూ వెళ్తారు. అంటే ఈరోజు వాయించింది రేపు ఉండదు.

మరి అలాంటి సంగీతాన్ని యాభై ఏళ్ల తర్వాత "మళ్ళీ" వాయించడం అంటే ఏంటి? చిక్కు అక్కడే ఉంది.

ఇప్పుడు 1959కి వద్దాం. ఆ రాత్రి మంక్‌కి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో న్యూయార్క్‌లో, మందు అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులు ఇచ్చే క్యాబరే కార్డ్ ఉండాలి. 1951లో మంక్, ఆయన ఫ్రెండ్, ఇంకో గొప్ప పియానిస్ట్ బడ్ పవల్ ఉన్న కారులో డ్రగ్స్ దొరికాయి. మంక్ తన ఫ్రెండ్‌కి వ్యతిరేకంగా నోరు విప్పలేదు. జైలుకెళ్ళారు, కార్డ్ పోయింది. దాంతో 1957 వరకు, అంటే సుమారు ఆరేళ్లు, సొంత ఊళ్ళో క్లబ్బుల్లో వాయించే హక్కు లేదు. ముప్పై మూడు నుంచి ముప్పై తొమ్మిది, ఒక మ్యుజీషియన్‌కి మంచి వయసు అది.

1957లో కార్డ్ తిరిగొచ్చింది. ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో జాన్ కోల్ట్రేన్‌తో కలిసి వాయిస్తుంటే జనం రావడం మొదలైంది. హమ్మయ్య అనుకునేలోపు, 1958 అక్టోబర్‌లో ఇంకో దెబ్బ. ప్రయాణం మధ్యలో డెలావేర్‌లో ఒక చోట మంచినీళ్ల కోసం ఆగారు. అక్కడ గొడవైంది, పోలీసులు వచ్చారు, ఆయన్ని కొట్టారు. చేతుల మీద కొట్టారు. పియానిస్ట్ చేతుల మీద! ఆ కేసు తర్వాత కార్డ్ మళ్ళీ పోయింది.

ఇది జరిగిన నాలుగున్నర నెలలకి టౌన్ హాల్ ప్రోగ్రాం. అది క్లబ్బు కాదు, కచేరీ హాలు కాబట్టి కార్డ్ అవసరం లేదు. ఊళ్ళో క్లబ్బుల తలుపులన్నీ మూసుకుపోయిన మనిషి, ఆ రోజు ఏడు ఊదే వాద్యాలు, బేస్, డ్రమ్స్ పెట్టుకుని, తన ట్యూన్లని పెద్ద బ్యాండ్ మీద వినిపించాడు. ఫిడేళ్లలాంటివి లేవు కానీ, ట్యూబా, ఫ్రెంచ్ హార్న్ ఉన్నాయి. ఆ రికార్డింగ్‌ని రివర్‌సైడ్ రికార్డ్స్ ఆల్బమ్‌గా వేసింది.

ఈ అరేంజ్‌మెంట్లు రాయడానికి మంక్‌తో కూర్చున్నది హాల్ ఓవర్టన్. క్లాసికల్ కంపోజర్, జూలియార్డ్‌లో పాఠాలు చెప్పిన మనిషి. సిక్స్త్ అవెన్యూలో 821 నంబర్ బిల్డింగ్‌లో ఆయనకి ఒక లాఫ్ట్ ఉండేది. చుట్టూ పూల హోల్‌సేల్ షాపులు, పాత బిల్డింగ్, గదిలో రెండు పియానోలు. ఇద్దరూ చెరో పియానో దగ్గర కూర్చుని పని చేసేవారు.

వాళ్ళు చేసిన ఒక పని చెప్తా. మంక్ 1952లో, తన చిన్న కొడుకు ముద్దుపేరు మీద "లిటిల్ రూటీ టూటీ" అని ఒక ట్యూన్ రికార్డ్ చేశారు. అందులో ఆయన పియానో మీద అప్పటికప్పుడు కట్టిన సోలో ఉంది కదా, దాన్ని ఓవర్టన్ రాసి, ఊదే వాద్యాలన్నిటికీ పంచేశాడు. ఒక్క మనిషి పది వేళ్లతో ఆ క్షణంలో కట్టింది, ఏడేళ్ల తర్వాత బ్యాండంతా కలిసి వాయించాలి. ఆల్బమ్‌లో వినండి, ఆ బ్యాండ్ పరిగెత్తుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు ట్విస్ట్. అదే బిల్డింగ్‌లో యూజీన్ స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. లైఫ్ మ్యాగజైన్‌కి పనిచేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన బిల్డింగ్ అంతా వైర్లు లాగి, మైకులు పెట్టి, టేప్ రికార్డర్ ఆన్ చేసి వదిలేశాడు. 1957 నుంచి 1965 దాకా సుమారు 4,000 గంటల టేపులు, దాదాపు 40,000 ఫొటోలు. మంక్, ఓవర్టన్ కలిసి టౌన్ హాల్ కోసం చేసిన పని కూడా ఆ టేపుల్లోకి ఎక్కింది. చాలా ఏళ్ల తర్వాత డ్యూక్ యూనివర్సిటీలోని డాక్యుమెంటరీ స్టడీస్ సెంటర్ వాళ్ళు ఆ టేపుల్ని శుభ్రం చేసి, డిజిటల్‌లోకి మార్చారు.

ఇక 2009కి వద్దాం.

మొదటి రాత్రి చార్లెస్ టాలివర్‌ది. ట్రంపెట్ ప్లేయర్. 1959లో ఆయనకి పదహారేళ్లు, ఆ రోజు ఆయన ఆ హాల్లోనే ప్రేక్షకుల్లో ఉన్నాడు. ఆ ఆల్బమ్‌ని విని విని, అరేంజ్‌మెంట్లని స్వరం స్వరం తిరిగి రాసుకున్నాడు. అప్పట్లాగే పది మంది బ్యాండ్, అవే వాద్యాలు. మంక్ స్థానంలో పియానో దగ్గర స్టాన్లీ కవల్. 1959 రాత్రిని తెచ్చి మళ్ళీ మన ముందు పెట్టడం ఆయన ఉద్దేశం.

రెండో రాత్రి జేసన్ మొరాన్‌ది. 1975లో హ్యూస్టన్‌లో పుట్టాడు. మంక్ 1982లో చనిపోయేటప్పటికి ఇతనికి ఏడేళ్లు. చిన్నప్పుడు ఇంట్లో వాళ్ళు పియానో క్లాసులకి పంపితే అసలు నచ్చేది కాదట. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఒకరోజు, అమ్మానాన్నలు టీవీ సౌండ్ తీసేసి వార్తలు చూస్తున్నారు. తెలిసినవాళ్ళు పోయిన విమాన ప్రమాదం వార్త అది. వెనకాల మంక్ రికార్డు "రౌండ్ మిడ్‌నైట్" తిరుగుతోంది. ఆ రోజే ఇలా వాయించాలి అని ఫిక్స్ అయ్యానని మొరాన్ చెప్తాడు.

అలాంటి మనిషి నివాళి ఎలా ఉంటుంది? పేరు "ఇన్ మై మైండ్". 2007లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. స్టేజ్ మీదికొచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మంక్ రికార్డింగ్‌తో పాటు తనూ వాయించడం మొదలుపెడతాడు. మనం రూంలో పాట పెట్టుకుని కూడా పాడుకుంటాం చూడండి, అలా, అందరి ముందు. తర్వాత స్మిత్ టేపులు వస్తాయి. మంక్ గొంతు, ఓవర్టన్‌తో మాటలు. ఒకచోట మంక్ చెక్క నేల మీద అడుగులేస్తూ డాన్స్ చేస్తున్న చప్పుడు. ఆ చప్పుడుని లూప్ చేసి, దాని మీద బ్యాండ్ వాయిస్తుంది. చనిపోయి ఇరవై ఏడేళ్లయిన మనిషి కాళ్లు తాళం వేస్తున్నాయి!

అంతటితో ఆగలేదు. మంక్ పూర్వీకులు నార్త్ కరోలినాలో బానిసలుగా బతికారు. మంక్ అన్న ఇంటిపేరే ఆ తోట యజమానిది. మొరాన్ ఆ నేల మీదికి వెళ్ళి, ఆ దృశ్యాలని వీడియోగా కచేరీలోకి తెచ్చాడు.

దీనికి ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "నేను మంక్ సంగీతం వినడానికి టికెట్ కొన్నా, ఈ వీడియోలు, తోటలు నాకెందుకు?" అని. నాకు ఆ ప్రశ్న అర్థమవుతుంది. టాలివర్‌ది తక్కువ పని అని కూడా నేను అనను. పదహారేళ్లప్పుడు విన్నది అరవై ఆరేళ్లకి మళ్ళీ వినాలనుకోవడంలో ఎంత ప్రేమ ఉండాలి! పైగా ఎవరో ఒకరు స్వరం స్వరం పట్టుకోకపోతే, కొత్తగా చేసేవాళ్ళకి చేతిలో ఏముంటుంది? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒకటి క్లోన్, ఇంకోటి ఫోర్క్. ఒరిజినల్ భద్రంగా ఉంటేనే ఫోర్క్ కుదురుతుంది.

కానీ నన్ను ఎక్కువ కదిలించింది రెండోదే. కారణం చెప్తా.

మంక్ గురించి ఎప్పటినుంచో ఒక కథ నడుస్తోంది. విచిత్రమైన టోపీలు, వాయిస్తూ వాయిస్తూ లేచి గుండ్రంగా తిరగడం, మాట్లాడకపోవడం. "పిచ్చి జీనియస్, ఏదో అలా వచ్చేస్తుంది ఆయనకి" అని. పైకి పొగడ్తలా ఉంటుంది. కానీ అందులో ఒక అవమానం ఉంది. ఆ మాట అన్నామంటే, ఆయన కష్టపడలేదు అన్నట్టే. చదువుకున్న తెల్లవాళ్ళకైతే "టెక్నిక్" అంటాం, ఈయనకి మాత్రం "పుట్టుకతో వచ్చింది" అంటాం.

ఆ టేపులు ఈ కథని చెరిపేస్తాయి. అందులో ఒక మనిషి పని చేసుకుంటున్నాడు. ఏ స్వరం ఏ వాద్యానికి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అని కూర్చుని తేల్చుకుంటున్నాడు. డాన్స్ కూడా ఆ పనిలో భాగమే. బ్యాండ్‌కి లయ ఎలా ఉండాలో కాళ్లతో చూపిస్తున్నాడు. మొరాన్ ఆ అడుగుల్ని స్టేజ్ మీద పెట్టినప్పుడు, ఇన్నాళ్లూ జనం వింతగా చూసిన దాన్ని తీసి, సంగీతంగా వినిపించాడు. విమర్శకులు, మ్యాగజైన్లు చేయాల్సిన పని ఒక కచేరీ చేసింది.

ఆ తోట కూడా అందుకే కావాలి అనిపిస్తుంది నాకు. చేతుల మీద దెబ్బలు, ఆరేళ్ల నిషేధం, ఇంటిపేరులోనే ఉన్న బానిసత్వం. ఇవన్నీ పక్కన పెట్టి ట్యూన్లు మాత్రమే తీసుకుంటే, ఆ ట్యూన్లకి ఎంత ఖర్చయిందో మనకి తెలియదు.

గౌరవాలు తర్వాత వచ్చాయి లెండి. సరిగ్గా టౌన్ హాల్ రాత్రికి ఐదేళ్లు నిండిన తేదీతో, 1964 ఫిబ్రవరి 28 టైమ్ మ్యాగజైన్ కవర్ మీద ఆయన బొమ్మ వచ్చింది. 2006లో పులిట్జర్ ప్రత్యేక గౌరవం ఇచ్చారు. అప్పటికి ఆయన పోయి ఇరవై నాలుగేళ్లు.

వినాలనుకునే వాళ్ళకి నా సలహా. ముందు 1959 టౌన్ హాల్ ఆల్బమ్ పెట్టుకోండి. అందులో "లిటిల్ రూటీ టూటీ" వినండి, దాని తర్వాత 1952 పియానో రికార్డింగ్ వినండి, ఆ సోలోని పట్టుకోండి. అప్పుడు "ఇన్ మై మైండ్" డాక్యుమెంటరీ చూడండి, దర్శకుడు గ్యారీ హాకిన్స్. ఈ వరసలో వెళ్తే, ఆ అడుగుల చప్పుడు దగ్గరకొచ్చేసరికి మీకు నేనేమీ వివరించాల్సిన పని ఉండదు. మొదటిసారి పియానో పాడైందేమో అనిపిస్తే కంగారు పడకండి, నాకూ అనిపించింది. ఇంకోసారి వినండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.