అప్పుడప్పుడూ తిరిగే కారు



పోయినసారి ఊరగాయ జాడీల సంగతి ముచ్చటించుకున్నాం. ఈసారి కారు గురించి చెబుతానంటే "ఆడవాళ్ళకెందుకండీ అది?" అనుకుంటారేమో. డబ్బు కదిలేది మన బీరువాలోంచే గదా, కాస్త వినండి.

మా వారికి ఆదోనిలో పత్తి కమీషన్ అంగడి. కుర్రతనం నుంచీ ఆయనకు స్పోర్ట్స్ కారు మీద మనసు. ఏభయ్యేళ్ళు నిండాయో లేదో, బెంగుళూరులో జర్మన్ కారొకటి సెకండ్‌హ్యాండులో ఉందనీ, కొత్తదాని ధరలో మూడోవంతుకే ఇస్తారనీ కబురు తెచ్చారు. "రోజూ తిప్పం గదా! పండక్కీ, పెళ్ళికీ, గురువారం మంత్రాలయానికీ" అన్నారు. ఆ మూడోవంతు కూడా మా పాప ఇంజనీరింగుకని బ్యాంకులో వేసిన డిపాజిట్టు తీస్తేనే. అయినా వద్దనడానికి నోరు రాలేదు. ఇన్నేళ్ళలో మనిషి తనకంటూ అడిగింది అదొక్కటే మరి. చూసొద్దాం పదండన్నాను. అత్తగారూ, పాపా కూడా బయల్దేరారు.

ఎర్రగా మెరిసిపోతోంది బండి. తలుపులు రెండే. అత్తగారు ఎక్కడమైతే ఎక్కారుగానీ, దించడానికి ఇద్దరం చేతులందించాం. "ఇదేం బండమ్మా, పండుకోని పోవాల్నా యేమి?" అన్నారు. వెనక సీటు పేరుకే. పాప కాళ్ళు పట్టలేదు. బి.ఎం.డబ్ల్యు. జెడ్4 లాంటివాటికైతే ఆ పేరుకు కూడా ఉండదు, సీట్లు రెండే. పైగా ఈ జాతి బండ్లకు నేలకూ అడుగుకూ మధ్య ఐదంగుళాలుంటే గొప్ప. మామూలు చిన్న కార్లకే ఆరున్నర, ఏడంగుళాలుంటుంది. నల్లరేగడి మీద వేసిన రోడ్లు వానకు కుంగి, ఎండకు పగిలే సంగతి మనకు తెలియనిదా?

"పద్దెనిమిది వేల కిలోమీటర్లే తిరిగిందమ్మా, కొత్తదే అనుకోండి" అన్నాడు అమ్మేవాడు. ఇక్కడే జాగ్రత్త! టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. ఈ బండి టైర్లు 2016వి. అరగలేదు నిజమే, కానీ పక్కల సన్నటి బీటలు. తిరగని బండి కొత్తగా ఉండిపోదండీ. మూలపెట్టిన కుట్టుమిషనులాగే బ్యాటరీ నీరసిస్తుంది, బ్రేకు పళ్ళాలకు తుప్పు పడుతుంది, రబ్బరు ఎండుతుంది. పైగా ఇలాంటి కొన్ని బండ్లలో స్టెప్నీయే ఉండదు. గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు వేస్తారు. ఆ కొంతదూరం సుమారు ఎనభై కిలోమీటర్లు, ఆపైన మార్చాల్సిందే. ఆ టైరు ఆదోనిలో ఎక్కడ దొరుకుతుంది?

ఇంటికొచ్చి చాకలిపద్దు పుస్తకం వెనక లెక్క వేశాను. కారు ధర దిగిందిగానీ దాని విడిభాగాల ధర దిగదు. అవి కొత్త కారు ధరకే వస్తాయి. మామూలు ఇన్సూరెన్సులో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయన వెంటే పోతుంది, మనకు రాదు. కర్ణాటక బండి కాబట్టి అక్కడి ఆర్.టి.ఓ. నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఇక్కడే ఉంచుకుంటే ఏడాది దాటాక మన రాష్ట్రం నంబరు తప్పదు, ఇక్కడి లైఫ్ టాక్సు వేరే. బండి కొన్న పధ్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సు మన పేరుకు మార్చమని రాయాలి. చాలామంది ఇది మరిచిపోయి, గుద్దుకున్నాక నెత్తీ నోరూ కొట్టుకుంటారు. బండి మీద అప్పుందా, ఎన్నో చెయ్యి అన్నది పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూడవచ్చు. పిల్లలనడిగితే నిమిషంలో తీసి చూపిస్తారు.

పుస్తకం ఆయన ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రాత్రి ఆయన ఏమీ మాట్లాడలేదు. నాకూ అన్నం సయించలేదు. మర్నాడు ఉగ్గాని తింటూ "నాలుగు తలుపులది చూద్దామా?" అన్నారు. డిపాజిట్టు జోలికి పోకుండా, మన రాష్ట్రం నంబరుదే, పెద్ద కంపెనీ కారొకటి తీసుకున్నాం. రంగు మాత్రం ఎరుపే! అదైనా ఆయన మాట నెగ్గాలి గదండీ. కొనేముందు రెండువందలు తక్కువైనా ఒప్పుకోని మెకానిక్కును తీసుకెళ్ళి, బండిని పైకెత్తించి అడుగు చూపించాం. ఆ రుసుము దండగ కాలేదు.

ఇంత చేసినా తప్పు జరిగింది. పత్తి సీజనులో ఆయనకు తీరిక లేక బండి మూడు వారాలు వేపచెట్టు కింద ఉండిపోయింది. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకని అందరం పట్టుచీరలు కట్టుకొని కూర్చుంటే, తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. బ్యాటరీ చచ్చిపోయింది. చివరికి బస్సెక్కాం.

వారానికొకసారైనా అరగంట తిప్పాలన్నాడు మెకానిక్కు. తిప్పేదెవరు? నలభై దాటాక డ్రైవింగు నేర్చుకున్నాను. మొదటి నెల గేటుకు రెండుసార్లు రాశాను, అది వేరే కథ. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఎమ్మిగనూరులో ఆడపడుచు ఇంటికి ముప్ఫై కిలోమీటర్లు నేనే నడుపుతాను. ముందు సీట్లో అత్తగారు, ఒళ్ళో జొన్నరొట్టెల మూట. "మెల్లగా పో అమ్మా, ఎనకాల ఎద్దులబండి వోడు కూడా హారన్ కొడతాండాడు" అంటారు.